కడుపుతో ఉన్నప్పుడు షుగర్ పరీక్ష: ఎవరి నిర్ణయం, దేని కోసం



తల్లీబిడ్డల ఆరోగ్యం మీద జరిగే ఈ స్మారక ఉపన్యాసంలో ఒకే ఒక్క పరీక్ష గురించి మాట్లాడాలనుకున్నాను. అది గర్భిణులకు చేసే షుగర్ పరీక్ష. చూడబోతే చాలా చిన్న విషయం. 75 గ్రాముల గ్లూకోజు పొడిని సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు. అయిదు పది నిమిషాల్లో తాగెయ్యాలి. రెండు గంటలయ్యాక రక్తం తీస్తారు. తాగిన అరగంటలోపే వాంతి అయిపోతే ఆ రోజు పరీక్ష లేనట్టే, మర్నాడు మళ్లీ రావాలి. వేవిళ్లతో మంచినీళ్లే ఇమడని మనిషికి ఆ చిక్కటి తీపి నీళ్లు గొంతు దిగడం ఎంత కష్టమో, ఆ తర్వాత రెండు గంటలు ఆస్పత్రి బెంచీ మీద కూర్చోవడం ఎంత విసుగో తాగినవాళ్లకే తెలుసు. ఈ అవస్థంతా ఎందుకు పడుతున్నానని అడిగే హక్కు ఆమెకుంది. చాలాచోట్ల ఆమె అడగదు, అవతలివాళ్లు చెప్పరు. హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, థైరాయిడ్ రాసిన చీటీలోనే ఇదీ ఒక టిక్కు. దీన్ని ఒక నిర్ణయంగా ఎవరూ ఆమె ముందు పెట్టరు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. తెలుగు గర్భిణి ఈ పరీక్ష చేయించుకోవడమే మంచిది. ఆ మాట అనడానికి తగిన సాక్ష్యం ఉంది. కానీ ఆ సాక్ష్యాన్ని నిజాయితీగా చదివితే ఇంకో సంగతీ బయటపడుతుంది. ఒక అంకె తెలుసుకున్నంత మాత్రాన ఎవరికీ మేలు జరగలేదు. అంకె వచ్చాక తిండి విషయంలో, మందు విషయంలో, కాన్పు విషయంలో, కాన్పయిన తర్వాత ఆ తల్లి విషయంలో ఏం చేశారన్నదాన్ని బట్టే మేలైనా కీడైనా జరిగింది. కాబట్టి పరీక్షకు ఒప్పుకోవడమంటే తర్వాత జరగాల్సిన పనులకు కూడా సిద్ధపడడం. ఆ సిద్ధపాటు గర్భిణికి ఎంత ఉండాలో, పరీక్ష చెయ్యమన్న వ్యవస్థకు అంతకంటే ఎక్కువ ఉండాలి.

ముందు ఒంట్లో జరిగేది చూద్దాం. నెలలు నిండేకొద్దీ మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి శరీరంలో ఇన్సులిన్ పట్టును సడలిస్తాయి. ఇది జబ్బు కాదు, బిడ్డకు గ్లూకోజు ఆగకుండా అందేందుకు ఉన్న ఏర్పాటు. తల్లి క్లోమగ్రంథి మరికాస్త ఇన్సులిన్ తయారుచేసి సర్దుకుంటుంది. సర్దుకోలేని వాళ్ల రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఈ సడలింపు ఆరో నెల నుంచి బాగా తెలుస్తుంది కనకే పరీక్షకు 24 నుంచి 28 వారాల మధ్య కాలాన్ని ఎంచుకున్నారు. కోపెన్‌హాగెన్ వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ 1950లలో దీని గుట్టు విప్పాడు. తల్లి రక్తంలోని చక్కెర మాయను దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. వచ్చిపడిన చక్కెరను వాడుకోవడానికి బిడ్డ క్లోమమే ఇన్సులిన్ ఎక్కువగా తయారుచెయ్యాలి. ఆ ఇన్సులిన్ బిడ్డ ఒంట్లో కొవ్వు పెంచుతుంది, ముఖ్యంగా భుజాల దగ్గర, పొట్ట దగ్గర. కాన్పులో తల బయటపడ్డాక భుజం ఇరుక్కునే ప్రమాదం అందుకే. బొడ్డు కోసిన తర్వాత తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ ఆగదు. పుట్టిన కొద్ది గంటల్లో పసిబిడ్డకు చక్కెర పడిపోయేది అందుకే. తల్లికేమో బీపీ పెరిగే అవకాశం, సిజేరియన్ అవకాశం ఎక్కువవుతాయి. ఇదంతా ఏ బాధా తెలియకుండానే జరుగుతుంది. దాహం, అలసట, మాటిమాటికీ మూత్రానికి వెళ్లడం గర్భిణులందరికీ ఉండేవే. వాటిని బట్టి షుగర్‌ను పోల్చుకోలేం.

మరి ఎంత చక్కెర ఉంటే ఎక్కువ? చిక్కంతా ఈ ప్రశ్న దగ్గరే ఉంది. 1964లో బోస్టన్‌లో జాన్ ఓసల్లివాన్, క్లేర్ మహన్ 752 మంది గర్భిణులను పరీక్షించి మొదటి గీత గీశారు. ఆ గీత బిడ్డ కోసం గీసింది కాదు. ముందుముందు ఏ తల్లులకు మధుమేహం వస్తుందో పసిగట్టడానికి గీసింది. బిడ్డ సంగతి తేల్చడానికి తొమ్మిది దేశాల్లోని 15 కేంద్రాల్లో పాతిక వేల మందికి పైగా గర్భిణులతో హాపో అనే పెద్ద అధ్యయనం జరిగి, 2008లో ఫలితాలు వచ్చాయి. ఆ 15 కేంద్రాల్లో మన దేశానిది ఒక్కటీ లేదు. అది తేల్చిందేమిటంటే, తల్లి చక్కెర పెరిగేకొద్దీ బిడ్డ బరువు, సిజేరియన్ అవకాశం, బిడ్డకు చక్కెర పడిపోయే అవకాశం కొంచెం కొంచెంగా పెరుగుతూనే పోతాయి. ఇది మెట్టు కాదు, ఏటవాలు. ఇక్కడి దాకా క్షేమం, ఇక్కడి నుంచి జబ్బు అని చెప్పే చోటు ఆ వాలులో ఎక్కడా కనబడలేదు. అయినా వైద్యానికి ఒక గీత కావాలి. 2010లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి కూర్చుని, సగటు కంటే ముప్పు ఒకటీ ముప్పావు రెట్లయ్యే చోట గీత గీద్దామని ఒప్పందానికి వచ్చింది. పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153 మిల్లీగ్రాములు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నే తీసుకుంది. రెండు రెట్ల ముప్పు దగ్గర గీసి ఉంటే అంకెలు వేరే ఉండేవి.

అందుకే దేశానికో గీత ఉంది. మన జాతీయ మార్గదర్శకాలు 2014లో వచ్చాయి, 2018లో సవరించారు. వాటి ప్రకారం తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజు ఇచ్చి రెండు గంటలకు 140 ఉందా అని చూస్తారు. చెన్నైలో డాక్టర్ వి. శేషయ్య ఏళ్ల తరబడి చేసిన కృషి ఈ పద్ధతికి పునాది. అమెరికాలో ఎక్కువమంది వైద్యులు రెండు దశలుగా చేస్తారు. ముందు 50 గ్రాములు తాగించి గంటకు చూస్తారు. ఎక్కువ వచ్చినవాళ్లను ఇంకో రోజు పరగడుపున రమ్మని 100 గ్రాములు ఇచ్చి మూడు గంటల్లో నాలుగుసార్లు రక్తం తీస్తారు. బ్రిటన్‌లో అందరికీ చెయ్యరు, ముప్పు ఎక్కువున్న వాళ్లకే చేస్తారు. పరగడుపు చక్కెర బాగానే ఉండి రెండు గంటలకు 145 వచ్చిన ఒక తెలుగమ్మాయిని ఊహించండి. గుంటూరులో ఆమెకు గర్భధారణ మధుమేహం ఉన్నట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత ప్రకారం లేనట్టు. డాలస్‌లో ఉన్న ఆమె అక్కకు అక్కడి పద్ధతి ప్రకారం ఇంకో లెక్క. అక్కాచెల్లెళ్లు ఫోనులో రిపోర్టులు చెప్పుకుని ఎవరి డాక్టరు తప్పు అని కంగారు పడతారు. ఎవరి తప్పూ లేదు. గీత మనుషులు గీసిందే. ఈ ఒక్క సంగతి ముందే చెబితే, పాజిటివ్ అని చూడగానే శాపం తగిలినట్టు కుమిలిపోవడం తగ్గుతుంది. నెగెటివ్ అని చూడగానే ఇక మనకేం ఢోకా లేదనుకోవడమూ తగ్గుతుంది.

గీత మనుషులు గీసిందే అయితే పరీక్ష మానేస్తే ఏం పోతుందని ఎవరైనా అడగవచ్చు. దానికి జవాబు చికిత్సల మీద జరిగిన ప్రయోగాల్లో వెతకాలి. 2005లో కరోలిన్ క్రౌథర్ బృందం ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో 1000 మందితో చేసిన అధ్యయనం ప్రచురించింది. సగం మందికి ఆహార సలహా, చక్కెర కొలతలు, అవసరమైతే ఇన్సులిన్ ఇచ్చారు. మిగతా సగానికి మామూలు సంరక్షణే. మరణం, భుజం ఇరుక్కోవడం, ఎముక విరగడం, నరం దెబ్బతినడం వంటి తీవ్రమైన ఇబ్బందులు మామూలు సంరక్షణలో 4 శాతం బిడ్డలకు వస్తే, చికిత్స పొందినవాళ్లలో 1 శాతానికే వచ్చాయి. 2009లో అమెరికాలో మార్క్ లాండన్ బృందం ఇంకా తేలికపాటి మధుమేహం ఉన్న 958 మందిని చూసింది. తాము ముఖ్యంగా తగ్గుతాయనుకున్న ఇబ్బందుల మొత్తంలో పెద్ద తేడా కనబడలేదు. ఆ మాట దాచకూడదు. అయితే నాలుగు కిలోలు దాటిన బిడ్డలు 14.3 శాతం నుంచి 5.9 శాతానికి తగ్గారు. భుజం ఇరుక్కోవడం 4 శాతం నుంచి 1.5 శాతానికి, సిజేరియన్లు 33.8 నుంచి 26.9 శాతానికి తగ్గాయి. తల్లుల బీపీ ఇబ్బందులు కూడా తగ్గాయి. ఈ రెండు అధ్యయనాలూ కలిసి చెప్పేది ఇది: కనిపెట్టి, కనిపెట్టినదాన్ని పట్టించుకుంటే ప్రయోజనం ఉంది.

ఆ తర్వాత వచ్చిన సాక్ష్యం ఈ ఉత్సాహానికి హద్దు గీసింది. 2021లో అమెరికాలో 23,792 మంది మీద జరిగిన అధ్యయనంలో ఒకే దశ పద్ధతితో 16.5 శాతం మందికి, రెండు దశల పద్ధతితో 8.5 శాతం మందికి మధుమేహం ఉందని తేలింది. రోగులు దాదాపు రెట్టింపయ్యారు కానీ తల్లీబిడ్డల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2022లో న్యూజిలాండ్ నుంచి, మళ్లీ క్రౌథర్ బృందం నుంచే, నాలుగు వేల మందికి పైగా గర్భిణుల మీద చేసిన అధ్యయనం వచ్చింది. గీతను కిందికి దించితే 15.3 శాతం, పైనే ఉంచితే 6.1 శాతం మందికి మధుమేహం. బరువెక్కువ బిడ్డలు ఒకవైపు 8.8, ఇంకోవైపు 8.9 శాతం. గీతను దించినంత మాత్రాన జనం మొత్తం మీద ఒరిగిందేమీ లేదన్నమాట. ఇక్కడితో ఆగిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ అదే అధ్యయనంలో రెండు గీతల మధ్య చిక్కుకున్న స్త్రీలను విడిగా చూశారు. వాళ్లలో చికిత్స అందిన వారికి బరువెక్కువ బిడ్డలు 6.2 శాతం, అందని వారికి 18 శాతం. జనాభా సగటుకు కనబడని మేలు ఆ కొద్దిమందికి మాత్రం దక్కింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కనే పెట్టి చూడాలని నేనంటాను. గీతను ఎక్కడ పెట్టాలన్నది ప్రభుత్వం, నిపుణులు తేల్చుకోవాల్సిన ప్రశ్న. నా చక్కెర ఎక్కడుందో తెలుసుకోవాలా అన్నది గర్భిణి ప్రశ్న. మొదటిదానిలో వాదాలున్నాయని రెండోదాన్ని వదిలెయ్యడం సరికాదు.

ఇక అభ్యంతరాల్లోకి వస్తాను. అన్నిటికంటే బలమైనది ఇది: చికిత్స ముప్పాతికమందికి తిండీ, నడకే కదా, అదే సలహా గర్భిణులందరికీ ఇచ్చేస్తే పోదా, గ్లూకోజు తాగించి ఒకరి మీద ముద్ర వెయ్యడం ఎందుకు? వినడానికి న్యాయంగా ఉంది. దీనికి నేను రెండు జవాబులు చెబుతాను. క్రౌథర్ అధ్యయనంలో చికిత్స పొందినవాళ్లలో అయిదోవంతు మందికి ఇన్సులిన్ అవసరమైంది. ఎవరికి తిండి చాలుతుందో, ఎవరికి చాలదో కొలవకుండా తెలియదు. రెండోది మన గడ్డకు సంబంధించినది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉంది. ఇలాంటి చోట షుగర్ వస్తుందేమో అని అందరికీ తిండి తగ్గించుకోమని చెబితే, బరువు పెరగాల్సిన సన్నపాటి తల్లులు అన్నం మానేస్తారు. ఆకలితో ఉన్న తల్లికి తిండి తగ్గించమన్న సలహా కంటే హానికరమైనది మరొకటి ఉండదు. ఎవరికి సర్దుబాటు కావాలో తెలుసుకుని వాళ్లకే చెప్పడం, మిగతావాళ్లను కడుపునిండా తిననివ్వడం ఈ పరీక్ష వల్లే వీలవుతుంది.

రెండో అభ్యంతరం ఇళ్లల్లో రోజూ వినబడేది. మా వంశంలో షుగర్ లేదు, మా అమ్మాయి సన్నగా ఉంది, పాతికేళ్లు కూడా లేవు, మాకెందుకు ఈ పరీక్ష? ఈ మాట ఇంకో దేశంలో కొంతవరకు చెల్లుతుంది. బ్రిటన్ మార్గదర్శకాలు ముప్పున్న వాళ్లకే పరీక్ష చెయ్యమంటాయి. కానీ ఆ ముప్పుల జాబితాలో ఊబకాయం, దగ్గరి బంధువుల్లో మధుమేహం, ఇంతకుముందు నాలుగున్నర కిలోల బిడ్డ పుట్టడం వంటి వాటితో పాటు, మధుమేహం ఎక్కువగా ఉన్న జాతి నేపథ్యం కూడా ఉంది. అంటే మాంచెస్టర్‌లో ఉన్న తెలుగు గర్భిణి ఎంత సన్నగా ఉన్నా పరీక్షకు అర్హురాలే. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్ బృందం చూపించినదీ ఇదే కోవలోది. మన పిల్లలు తక్కువ బరువుతో పుడతారు, అయినా ఆ సన్నని ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ. సన్నదనం మనకు కవచం కాదు. తమిళనాడులో శేషయ్య బృందం జరిపిన సర్వేలో గర్భధారణ మధుమేహం నగరంలో 17.8 శాతం, చిన్న పట్టణాల్లో 13.8 శాతం, పల్లెల్లో 9.9 శాతం కనబడింది. పల్లెలో కూడా పదిమందిలో ఒకరు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహులున్నారని లెక్కగట్టింది. వంశంలో లేదంటున్నామంటే చాలా ఇళ్లల్లో దాని అర్థం తాతకూ నాయనమ్మకూ ఎవరూ ఎప్పుడూ పరీక్ష చెయ్యలేదనే. మన మార్గదర్శకాలు గర్భిణి మొదటిసారి వచ్చినప్పుడే ఒక పరీక్ష, 24–28 వారాల మధ్య ఇంకొకటి చెయ్యమనడానికి కారణం కూడా ఇదే. గర్భానికి ముందే ఉండి ఇన్నాళ్లూ బయటపడని మధుమేహం ఆ మొదటి పరీక్షలో దొరుకుతుంది.

మూడోది వైద్యులే లేవనెత్తే అభ్యంతరం. తిన్నాక కూడా చెయ్యవచ్చన్న మన ఒక్క రక్తనమూనా పద్ధతి నమ్మదగినదేనా? చెన్నైలోనే డాక్టర్ వి. మోహన్ బృందం పరగడుపు పరీక్షతో దీన్ని పోల్చి చూసి, తిన్న తర్వాత చేసే పరీక్ష చాలామందిని వదిలేస్తోందని 2014లో ప్రచురించింది. ఈ విమర్శను తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. అయినా ఆ పద్ధతి ఎవరి కోసం పుట్టిందో కూడా చూడాలి. తెల్లారకముందే లేచి, ఇంట్లో అందరికీ వండిపెట్టి, రెండు ఆటోలు మారి పీహెచ్‌సీకి వచ్చే గర్భిణిని పరగడుపున రమ్మంటే, ఆమె రావడమే మానేస్తుంది. వచ్చిన రోజే పరీక్ష చేసి పంపడం ఆమెకు అందే ఏకైక సేవ కావచ్చు. నా తీర్పు ఇది: పరగడుపున రాగలిగిన చోట పరగడుపు పరీక్షే అడగండి, రాలేని చోట ఈ పరీక్ష మేలు. రెంటిలో దేనికైనా రక్తం గొట్టాంలో గంటల తరబడి ఉండిపోతే రక్తకణాలే చక్కెరను తినేస్తాయి, అంకె తగ్గుతుంది. అక్కడికక్కడే సరైన గ్లూకోమీటరుతో చూడాలి, లేదా నమూనాను త్వరగా ల్యాబుకు చేర్చాలి. గ్లూకోజు నీళ్లు బొత్తిగా ఇమడని వాళ్లు డాక్టరుతో మాట్లాడి ఓ వారం పాటు పరగడుపునా భోజనాల తర్వాతా వేలి చుక్కతో చక్కెర చూసుకోవడం ఉన్నంతలో మంచి దారి. మూత్రంలో చక్కెర చూడడం పనికిరాదు, ఎందుకంటే గర్భంలో మామూలు వాళ్లకూ మూత్రంలోకి చక్కెర జారుతుంది. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ కూడా ఇక్కడ మోసం చేస్తుంది. రక్తహీనత ఉన్నవాళ్లలో మరీను.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన అభ్యంతరం సిజేరియన్‌కు సంబంధించినది. షుగర్ అని రాయగానే కత్తి సిద్ధమవుతుందన్న భయం మన రాష్ట్రాల్లో ఊరికే పుట్టలేదు. అదే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం సగటు 21.5. ముద్ర చేసే కీడుకు పాత సాక్ష్యం కూడా ఉంది. టొరంటోలో జరిగి 1996లో వెలువడిన అధ్యయనంలో, చికిత్స పొందిన తల్లుల బిడ్డలు మామూలు బరువుతోనే పుట్టారు. అయినా ఆ తల్లుల్లో మూడోవంతు మందికి సిజేరియన్ జరిగింది. ఆపరేషన్‌కు దారితీసింది బిడ్డ బరువు కాదు, ఫైలు మీది మాట. దీనికి విరుగుడు కొలవడం మానెయ్యడం కాదని నా నమ్మకం. లాండన్ అధ్యయనంలో జాగ్రత్తగా చికిత్స చేసిన చోట సిజేరియన్లు తగ్గాయి. ఒకే ముద్ర ఒకచోట కోతలు పెంచింది, ఇంకోచోట తగ్గించింది. తేడా వైద్యుడి నడవడికలో ఉంది. తిండితోనే చక్కెర అదుపులో ఉండి, బిడ్డ బరువు మామూలుగా ఉన్న తల్లికి షుగర్ ఉందన్న ఒక్క కారణంతో ఆపరేషన్ చెప్పడం తప్పు. నాకు సిజేరియన్ ఎందుకు, బిడ్డ బరువు అంచనా ఎంత, నా చక్కెర అంకెలు ఏం చెబుతున్నాయి అని ఆమె, ఆమె భర్త, ఆమె తల్లి అడగాలి. జవాబు అంకెల్లో రావాలి. ముద్ర వల్ల మనసు కుంగుతుందన్న భయానికి కూడా క్రౌథర్ అధ్యయనం జవాబిచ్చింది. కాన్పయిన మూడు నెలలకు చూస్తే చికిత్స అందిన తల్లుల్లోనే దిగులు తక్కువగా ఉంది.

వద్దనే హక్కు గురించి కూడా మాట్లాడాలి. 2008లో సమీరా కోహ్లీ కేసులో మన సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రోగనిర్ధారణ కోసం ఇచ్చిన సమ్మతి చికిత్సకు ఇచ్చిన సమ్మతి కాదు. గ్లూకోజు నీళ్లు తాగినంత మాత్రాన గర్భిణి ఇన్సులిన్‌కు, నెల ముందే నొప్పులు రప్పించడానికి, ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదు. ప్రతి మలుపులో ఆమెను మళ్లీ అడగాల్సిందే. పరీక్షే వద్దన్న గర్భిణిని కసురుకోవడం, తర్వాతి చెకప్‌లలో చిన్నచూపు చూడడం వైద్యం అనిపించుకోదు. ఆమెకు చెప్పాల్సింది పెద్ద శాస్త్రమేమీ కాదు, ఏఎన్ఎం రెండు నిమిషాల్లో చెప్పగలిగినదే. మనవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది, పైకి తెలియదు, ఎక్కువమందికి తిండి మార్పుతోనే సరిపోతుంది, కొందరికి మందు కావాలి, చికిత్స వల్ల బిడ్డకు కాన్పు సమయంలో ముప్పు తగ్గుతుంది, వద్దంటే నీ ఇష్టం, రేపు మనసు మారితే రా.

చెప్పాక చేసి చూపించాలి. మార్గదర్శకాలు ముందు రెండు వారాలు ఆహార మార్పు చేసి, భోజనమైన రెండు గంటలకు చక్కెర 120 లోపు ఉందేమో చూడమంటాయి. ఆ రెండు వారాలు నిజానికి గడిచేది వంటింట్లో. గర్భిణి చేతికి చపాతీ, ఓట్స్ అని అచ్చువేసిన కాగితం ఇచ్చి పంపితే అది గోడకు తగిలించడానికే పనికొస్తుంది. ఆమె తినేది రేషను బియ్యం అన్నం, పప్పు, పచ్చడి, పులుసు. పళ్లెంలో అన్నం కొలత తగ్గించి పప్పు, గుడ్డు, ఆకుకూర పెంచమని, మూడు పూటల తిండిని అయిదారు సార్లుగా పంచుకోమని, తిన్నాక పావుగంట నడవమని చెబితే ఆమెకు అర్థమవుతుంది. తెలంగాణ పల్లెల్లో జొన్నరొట్టె ఇంకా ఉంది, కోస్తాలో పెసరట్టు ఉంది. వీటిని చెప్పే ఆహార నిపుణులు మనకు కావాలి. ఇంకో సంగతి, చాలా ఇళ్లల్లో ఆమె ఏం తినాలన్నది నిర్ణయించేది ఆమె కాదు. ఇద్దరి తిండి తినాలని కొసరి కొసరి వడ్డించే అత్తగారూ, సీమంతానికి చలిమిడి, సున్నుండలు పట్టుకొచ్చే పుట్టింటివాళ్లూ ప్రేమతోనే చేస్తారు. సలహా వాళ్లను కూడా కూర్చోబెట్టి చెప్పాలి. వేడుక మానక్కర్లేదు. చలిమిడి ఆమె ఒక ముద్ద రుచి చూసి మిగతాది పేరంటాళ్లకు పంచితే ఏ శాస్త్రానికీ లోటు రాదు.

చివరిగా, 1964లో ఓసల్లివాన్ దేని కోసం గీత గీశాడో మనం మరిచిపోయిన ఆ సంగతికి వస్తాను. గర్భధారణ మధుమేహం వచ్చిన స్త్రీకి తర్వాత జీవితంలో మధుమేహం వచ్చే ముప్పు, రాని స్త్రీతో పోలిస్తే దాదాపు పదిరెట్లని 2020లో 13 లక్షల మంది సమాచారాన్ని క్రోడీకరించిన అధ్యయనం తేల్చింది. బిడ్డ పెద్దయ్యాక వచ్చే ఊబకాయాన్ని ఈ చికిత్స ఎంతవరకు ఆపుతుందో చూస్తే సాక్ష్యం బలహీనంగా ఉంది. క్రౌథర్ అధ్యయనంలోని పిల్లలను నాలుగైదేళ్లప్పుడు చూస్తే తేడా లేదు. అదే తల్లి భవిష్యత్తు విషయంలో ఈ పరీక్ష చెప్పేది చాలా గట్టి మాట. పాతికేళ్ల వయసులో ఎవరికీ దొరకని ముందస్తు హెచ్చరిక ఆమెకు దొరుకుతుంది. దాన్ని మనం వృథా చేస్తున్నాం. కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ 75 గ్రాముల పరీక్ష చెయ్యాలని మార్గదర్శకాల్లో రాసి ఉంది. కానీ మన దగ్గర తొలికాన్పు పుట్టింట్లో. పరీక్ష జరిగింది అత్తవారి ఊళ్లో, పురుడు పోసింది పుట్టింటి ఊళ్లో, ఆరో వారం వచ్చేసరికి ఆమె పేరు ఏ రిజిస్టరులోనూ పక్కాగా లేదు. బాలింత పథ్యంలో ఉంది, బయటికి పంపరు. బిడ్డ బాగానే పుట్టాడు కాబట్టి షుగర్ పోయిందని అందరూ అనుకుంటారు.

అయినా ఆ ఆరో వారంలో ఆమె బయటికి వచ్చే రోజు ఒకటి తప్పకుండా ఉంటుంది. బిడ్డకు ఆరు వారాల టీకా వేయించే రోజు. టీకాల విషయంలో మన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇల్లిల్లూ తిరిగి సాధించింది తక్కువేమీ కాదు, ఆ రోజును తల్లులు మరిచిపోరు. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను, ప్రైవేటు ఆస్పత్రుల గైనకాలజిస్టులను, పిల్లల వైద్యులను ఈ వేదిక నుంచి నేను కోరేది ఒక్కటే. తల్లీబిడ్డల కార్డు మీద షుగర్ వచ్చినట్టు పెద్ద అక్షరాల్లో రాయండి. అత్తవారి ఊరికైనా పుట్టింటి ఊరికైనా ఆ కార్డే చెల్లేలా చూడండి. బిడ్డకు టీకా వేసే ఆ ఉదయమే తల్లికీ చక్కెర పరీక్ష చెయ్యండి, ఆ తర్వాత ఏడాదికోసారి చెయ్యండి. గర్భిణులను నేను కోరేదీ ఒక్కటే. పరీక్ష చేయించుకోండి, అంకె ఎంతో అడిగి రాయించుకోండి, ఆ కాగితం బిడ్డ టీకా కార్డుతో కలిపి దాచుకోండి.